జుసారా గారి పక్క కుర్చీ

"పేజీలు తిప్పడానికి మనిషి కావాలే. నువ్వు బయల్దేరి రా" అని సికింద్రాబాద్ నుంచి ప్రభావతి ఫోన్ చేసినప్పుడు నేను కాకినాడలో మా వంటింట్లో బీరకాయకు చెక్కు తీస్తున్నాను. ఎవరి పేజీలు, ఎందుకు తిప్పాలి అని అడిగాను. తను చెప్పిన పేరు విని బీరకాయ కింద పెట్టేశాను.

ముందు సంగతి కొంచెం చెప్పాలి. నేను హైస్కూల్లో లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. మా చర్చిలో ముప్పై ఏళ్లుగా ఆదివారం ఆరాధనకు పియానో వాయిస్తున్నది నేనే. కొన్నేళ్ల క్రితం ఆపరేషన్ అయి మంచం మీద ఉన్న రోజుల్లో ఏదీ తోచక ఫోన్లో వెతుకుతుంటే ఒక పాత రికార్డింగు తగిలింది. వాయించిన ఆవిడ పేరు జుసారా, దేశం బ్రెజిల్. అది చిన్న వాల్ట్జ్, అంటే మూడు దెబ్బల తాళంలో ఊగుతూ నడిచే నాట్య సంగీతం. గరగరలు వినిపిస్తున్నా నాకు అది మందులా పనిచేసింది. రోజూ మధ్యాహ్నం పెట్టుకుని వినేదాన్ని. కోలుకున్నాక దొరికిన ప్రతివాళ్లకూ వినిపించాను. అందరికంటే ఎక్కువగా బాధపడింది ప్రభావతి. రాజమండ్రిలో టీచర్ ట్రైనింగ్ రోజుల నుంచీ నా స్నేహితురాలు, ఇప్పుడు మెట్టుగూడలో వాళ్ల చర్చి గాయక బృందాన్ని నడుపుతోంది.

"నా ప్రాణం తీసి వినిపించావే, ఆ జుసారానే" అంది ఫోన్లో. "కూతురికి ఇక్కడ ఉద్యోగమట. తల్లిని తెచ్చుకుని ఇక్కడే కార్ఖానా అనే పేటలో ఉంటున్నారు. మా ఇంగ్లీషు ఆరాధనకు వస్తారు. పేరు చెప్పగానే నాకు నువ్వే గుర్తొచ్చావు. ఎన్ని నెలలు బతిమాలానో! శనివారం మా హాల్లో వాయిస్తానన్నారు. కానీ పుస్తకం చూసి వాయిస్తారట, పక్కన కూర్చుని పేజీలు తిప్పే మనిషి కావాలట. మావాళ్లంతా దొ, రె, మి అని అక్షరాల్లో రాసిన స్వరాలే చదువుతారు గానీ గీతల మీది స్వరాలు చదవలేరు. నేనేమో హాలు చూసుకోవాలి."

నేను మర్నాడే టికెట్ తీయించాను.

గురువారం ఉదయం సామర్లకోటలో పగటి బండి ఎక్కాను. రిజర్వేషన్ సెకండ్ సిట్టింగులో దొరికింది. కిటికీ పక్క సీటు కోరుకునేవారు ముందే చేయించుకోవాలి, జూలైలో కూడా ఈ బండి నిండుగానే వెళ్తుంది. రాజమండ్రి దాటుతుంటే గోదావరి ఎర్రగా, ఒడ్లు ఒరుసుకుంటూ పారుతోంది. బండిలో చాలామంది లేచి నిలబడి చూశారు. నా ఎదుట శ్రీకాకుళం నుంచి వస్తున్న ఒక పెద్దావిడ కూర్చున్నారు. ఒళ్లో పనసకాయ ఉంది. దాన్ని కింద పెట్టడానికి ఆవిడకు మనసొప్పలేదు.

"ఏటమ్మా, ఒక్కలే ఎల్తన్నారా? ఏటి పనిమీద?" అని అడిగారు.

పియానో కచేరీ ఉందనీ, వాయించేవారి పక్కన కూర్చుని పుస్తకంలో పేజీలు తిప్పాలనీ చెప్పాను.

"పేజీలు తిప్పడానికి కాకినాడ నుంచి ఎల్తన్నారా! అయిదరాబాదులో మనుసులే లేరేటి?" అని నవ్వి, మళ్లీ అడిగారు. "ఆవిడికి వయసెంతుంటాదేటి?"

"డెబ్బై దాటాయండి."

"అయితే పక్కనొకలుండాల్లెండి" అన్నారు, అదేదో ఎప్పటినుంచో తెలిసిన విషయంలాగా.

విజయవాడలో మధ్యాహ్నం భోజనం. నేను ఇంటి నుంచి పులిహోర తెచ్చుకున్నాను, ఆవిడ చద్ది రొట్టె, ఉల్లిపాయ విప్పారు. సగం సగం మార్చుకున్నాం. వరంగల్ దాటాక మబ్బు పట్టింది. సికింద్రాబాద్ స్టేషన్లో పెద్ద ఎత్తున పనులు జరుగుతున్నందున చాలా బండ్లను చర్లపల్లిలోనే నిలిపేస్తున్నారు, మా బండీ అంతే. అది తెలియక వచ్చేవాళ్లు తికమక పడతారు కాబట్టి టికెట్ మీద దిగే స్టేషన్ పేరు ఒకసారి చూసుకోండి. దీపాలు పెట్టేవేళకు దిగాను. బయట ఆటో మాట్లాడుకున్నాను.

"మెట్టుగూడనా? జెర టైం పడ్తదమ్మా, పరేషాన్ గాకుండ్రి" అన్నాడు ఆటో అతను. "ఆడ స్టేషన్ పని షురూ అయినసంది బండ్లన్నీ ఈడికే వస్తున్నయ్. మాకైతే మంచిగనే ఉంది, మీ అసుంటోళ్లకే తక్లీఫ్."

మెట్రో స్తంభాల కింద నుంచి వెళ్లి ప్రభావతి ఇంటి ముందు దిగేసరికి తను గేటు దగ్గరే ఉంది. నేను గుమ్మం ఎక్కకముందే, "పొద్దున్నే కార్ఖానా వెళ్దాం. ఆవిడ నిన్ను చూడాలంటున్నారు. వాయించడం మానేస్తానని నిన్న మళ్లీ అన్నారే" అంది.

ఎందుకని అడిగాను.

"భయం" అంది ప్రభావతి.

శుక్రవారం టిఫిన్ అయ్యాక కార్ఖానా వెళ్లాం. రెండో అంతస్తు ఫ్లాట్. తలుపు తీసింది జుసారా గారే. నేను రికార్డింగు విని పొడగరి మనిషి అనుకున్నాను. ఆవిడ నా భుజం దాకా వస్తారేమో. తెల్లజుట్టు పొట్టిగా కత్తిరించుకున్నారు, లావుపాటి కళ్లద్దాలు, మన నైటీలాంటి పొడుగు గౌను. నా రెండు చేతులూ పట్టుకుని తిప్పి చూశారు, కూరగాయలు ఏరుకునేటప్పుడు చూసినట్టు. "వాయిస్తావా?" అని ఇంగ్లీషులో అడిగారు. చర్చిలో వాయిస్తానన్నాను. "మంచిది. చర్చిలో వాయించేవాళ్లు ఏం జరిగినా ఆగరు" అన్నారు.

ప్రభావతి తను ఇంకా పాఠాలు చెబుతున్న ప్రైవేటు స్కూలుకు వెళ్లిపోయింది. కూతురు బియాట్రిజ్ ఆఫీసుకు వెళ్లింది. మా ఇద్దరిదీ అరకొర ఇంగ్లీషే. అయినా సాయంత్రం దాకా మాట్లాడుకుంటూనే ఉన్నాం. మధ్య మధ్య ఆవిడ గదిలోని ఎలక్ట్రానిక్ కీబోర్డు మీద వాయించి చూపించేవారు. ఆవిడ ముక్కలు ముక్కలుగా చెప్పిన కథను నాకు అర్థమైనంతలో వరసగా చెబుతాను.

పుట్టింది మినాస్ జెరైస్ అనే కొండల రాష్ట్రంలో ఒక చిన్న ఊళ్లో. తండ్రి స్టేషన్ మాస్టరు. స్టేషన్ ఎదురుగా ఉన్న హోటల్లో పాత పియానో ఒకటి ఉండేది. బస చేసినవాళ్లు లేని వేళల్లో వాయించుకోమని ఆ యజమానురాలు ఒప్పుకుంది. నేర్పింది ఆ ఊరి బ్యాండు మాస్టారు. ఆయన పగలు క్షవరం చేసేవాడు, సాయంత్రం బ్యాండు నడిపేవాడు. పదమూడేళ్ల వయసులో స్కాలర్‌షిప్పు వచ్చి రియో నగరానికి చదువుకు వెళ్తుంటే ఆయన ఒక వాల్ట్జ్ రాసి చేతికిచ్చాడు. నేను మంచం మీద పడుకుని రోజూ విన్నది అదేనని నాకు శుక్రవారం దాకా తెలియదు.

రియో తర్వాత పారిస్. పోటీలో రెండో బహుమతి వచ్చింది, పత్రికలవాళ్లు మంచిగా రాశారు. యూరప్‌లోనే ఉండిపొమ్మని అందరూ చెప్పారు. ఆవిడ మాత్రం ఒతావియో అనే పియానో టీచరును పెళ్లి చేసుకుని దేశానికి తిరిగొచ్చారు. ఇద్దరూ కలిసి ఒక పియానోను లారీ మీద ఎక్కించారు. బ్రెజిల్‌లో ఈశాన్యం వైపు కరువు నేలలు ఉన్నాయట. అక్కడి చిన్న చిన్న ఊళ్లు తిరగడం మొదలుపెట్టారు. బడుల్లో, సినిమా హాళ్లలో, సంత పాకల్లో వాయించేవారు. ఎండకు పియానో శ్రుతి తప్పితే ఒతావియో రాత్రి కూర్చుని సరిచేసేవాడు. మేకలు లోపలికొచ్చేవి. ఒక ఊళ్లో ఆడవాళ్లు కాళ్లు కడుక్కుని, మంచి బట్టలు కట్టుకుని వచ్చి కూడా గుమ్మం బయటే కూర్చున్నారు. లోపలికి రమ్మంటే అది మా కోసం కాదు అన్నారట.

"మరి ఏం చేశారు?" అన్నాను.

"పియానోను వరండాలోకి తోయించాను" అన్నారు. "ఆరుగురు మగవాళ్లు తోశారు. ఒక చక్రం విరిగింది. నా జీవితంలో నేను బాగా వాయించిన రోజు అదే."

అలా పదేళ్లకు పైగా తిరిగారు. కూతురు ఆ లారీలోనే పెరిగింది. తర్వాత విశ్వవిద్యాలయంలో పాఠాలు, పెద్ద హాళ్లలో కచేరీలు, కొన్ని రికార్డులు. పేరు దేశం దాటి పెద్దగా పోలేదు. దాని గురించి ఆవిడకు ఏ దిగులూ ఉన్నట్టు కనిపించలేదు.

దిగులు వేరే ఉంది. అరవై దాటాక సావో పాలో నగరంలో ఒక కచేరీలో చివర ఆ వాల్ట్జ్ వాయిస్తున్నారు. దాని మధ్య భాగం రెండుసార్లు వస్తుంది. మొదటిసారి చివర వెనక్కి తిరగాలి, రెండోసారి చివర వేరే దారిలో ముందుకు పోవాలి. ఆ రాత్రి ముందుకు పోయే దారి గుర్తు రాలేదు. వెనక్కి తిరిగారు. మళ్లీ అదే చోటికి వచ్చారు, మళ్లీ తిరిగారు. చిన్నప్పటి నుంచి వాయిస్తున్న ముక్క. చివరికి చేతులు ఎత్తేసి, లేచి, సభకు వంగి నమస్కరించి లోపలికి వెళ్లిపోయారు.

"తెర పక్కన ఒతావియో నా కోటు పట్టుకుని నిలబడి ఉన్నాడు. తొడిగి ఇంటికి తీసుకెళ్లాడు."

ఆ తర్వాత ఆవిడ వేదిక ఎక్కలేదు. కొంతకాలానికి ఒతావియో పోయాడు. కూతురు ఇక్కడికి తెచ్చుకుంది.

"మరి ఇప్పుడెందుకు ఒప్పుకున్నారు?" అని అడిగాను.

"నీ స్నేహితురాలు ఎన్నోసార్లు అడిగింది. ప్రతిసారీ వద్దన్నాను. ఒకరోజు వచ్చి, ఏమీ అడగకుండా ఊరికే టీ తాగి వెళ్లిపోయింది. ఆవిడ కూడా అడగడం మానేసిందే అని నాకు బాధేసింది" అన్నారు నవ్వుతూ.

ఆ సాయంత్రం పేజీలు తిప్పడం సాధన చేశాం. ఒక చిక్కు వచ్చింది. ఒకచోట నేను "ఇక్కడ ఎడమచెయ్యి 'సొ' మీదకు వస్తుంది కదా" అంటే ఆవిడ "కాదు, 'రె'" అన్నారు. నేను కాదంటే ఆవిడ ఔనని, ఇద్దరం పట్టుబట్టాం. తీరా చూస్తే మా చర్చిల్లో పాట ఏ శ్రుతిలో ఉంటే దాని మొదటి స్వరమే 'దొ'. వాళ్ల దేశంలో 'దొ' అంటే పియానో మీద ఎప్పుడూ ఒకే మీట. ఇద్దరం ఒకే మీట మీద వేలు పెట్టి రెండు పేర్లతో పోట్లాడుకున్నాం. ఆవిడ కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకునేదాకా నవ్వారు. చివరికి పేర్లు వదిలేసి, ఏదైనా చెప్పాల్సి వస్తే నోటితో రాగం తీసి చెప్పుకుందామని అనుకున్నాం.

శనివారం పొద్దున హాల్లో ఒకసారి వాయించి చూసుకున్నారు. పాత పియానో, నిలువుది. పైన ఒక మీట నొక్కితే లేవడం లేదు. "ఇలాంటిదే నా లారీలో ఉండేది" అని ఆవిడ సంబరపడ్డారు. మధ్యాహ్నం నుంచి వాన పట్టుకుంది. సాయంత్రం ఐదున్నరకు షురూ అని ప్రభావతి అందరికీ మెసేజ్ పెట్టింది. వానలోనూ కుర్చీలు నిండాయి. రాంగోపాల్‌పేట్ నుంచి, మౌలాలి నుంచి కూడా వచ్చారు. గొడుగులన్నీ గుమ్మం దగ్గర గుట్టపోశారు.

వెనక గదిలో జుసారా గారి చేతులు పట్టుకుంటే ఐసు ముక్కల్లా ఉన్నాయి. ప్రభావతి వేడినీళ్ల గ్లాసు ఇచ్చింది, తాగడానికి కాదు, పట్టుకోవడానికి.

"నేను లేచిపోతే నువ్వు నా వెనక రావద్దు" అన్నారు నాతో.

"వస్తాను. కోటు లేదు గానీ గొడుగు ఉంది" అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఆవిడ గ్లాసు కింద పెట్టి, హాల్లోకి నడిచారు.

మొదటి రెండు రచనలు ఏ ఇబ్బందీ లేకుండా సాగాయి. ఆవిడ చిన్నగా తల ఊపగానే నేను లేచి పై మూల పట్టుకుని తిప్పడం, కూర్చోవడం. ముప్పై ఏళ్లు వాయించినా ఒక మంచి చేతికి అంత దగ్గరగా ఎప్పుడూ కూర్చోలేదు నేను. వేళ్లు మీటల మీద నుంచి లేచే తీరు చూస్తుంటే, మాట పూర్తయ్యాక కూడా ఎదుటి మనిషి భుజం మీద చెయ్యి ఉంచేవాళ్లు గుర్తొచ్చారు.

తర్వాత వాల్ట్జ్. మొదటి భాగం అయింది. మధ్య భాగంలోకి వచ్చారు. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది.

వాన జల్లు కొడుతోందని కిటికీలన్నీ మూసేశారు. సాయంత్రమే అయినా లోపల ఏమీ కనపడలేదు. ఎవరో "అయ్యో" అన్నారు. జనరేటర్ వేయమని ప్రభావతి గొంతు గుమ్మం వైపు నుంచి వినిపించింది. నా ముందున్న పుస్తకం నల్లటి పలకలా అయిపోయింది.

ఆవిడ ఆపలేదు. మధ్య భాగం మొదటిసారి పూర్తయింది, వెనక్కి తిరిగారు. రెండోసారి చివరకు వచ్చారు. ముందుకు పోవాల్సిన చోట మళ్లీ వెనక్కి తిరిగారు. మూడోసారి వాయిస్తున్నారు. పక్కన ఆవిడ ఊపిరి బరువుగా తీసుకోవడం నాకు వినిపిస్తోంది. సావో పాలోలో జరిగిందే మళ్లీ జరుగుతోందని ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు. హాల్లో ఇంకెవరికీ తెలియదు.

ఆ ముక్క నేను ఎన్ని మధ్యాహ్నాలు విన్నానో! ఆ చోట ఎడమచేతి స్వరం అర మెట్టు పైకి జరుగుతుంది, అక్కడి నుంచే దారి మారుతుంది. మూడోసారి చివర దగ్గరపడుతుండగా నేను ఆవిడ వైపు వంగి, గాయక బృందంలో కింది గొంతు పాడినట్టు, ఆ ఎడమచేతి స్వరాలను మెల్లగా నోటితో తీశాను. జరగాల్సిన చోట అర మెట్టు పైకి జరిపాను.

ఆవిడ ఎడమచెయ్యి నా గొంతు వెంట వచ్చింది. కుడిచెయ్యి ఒక్క క్షణం వెనకబడి, అందుకుంది. దారి తెరుచుకుంది. అక్కడి నుంచి చివరిదాకా నా అవసరం లేకపోయింది. నేను నోరు మూసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ చీకట్లో ఎవరికి కనపడతాయి?

వాల్ట్జ్ అయిపోయాక కరెంటు వచ్చింది. ఆవిడ లేచి నిలబడ్డారు. వెళ్లిపోతారేమోనని నేనూ లేచాను. ఆవిడ సభకు వంగి నమస్కరించి, మళ్లీ కూర్చుని, "తర్వాతి పేజీ" అన్నారు. ఇంకా రెండు రచనలు వాయించారు.

అయ్యాక అందరికీ అల్లం టీ, సమోసాలు. రైల్వేలో పనిచేసి రిటైరైన ఒకాయన వచ్చి, "మధ్యలో ఒకే ముక్క తిరిగి తిరిగి వచ్చింది చూడండి, మూడోసారికి నా ఒళ్లు జలదరించిందండీ" అన్నారు. నేను ఇంగ్లీషులో చెప్పగానే జుసారా గారు ఆయన చెయ్యి పట్టుకుని, "నాకు కూడా" అన్నారు.

ఆదివారం మధ్యాహ్నం కార్ఖానాలో భోజనం. వాళ్ల దేశపు పద్ధతిలో నల్ల చిక్కుడు గింజలు ఉడికించి అన్నంతో పెట్టారు. నేను తీసుకెళ్లిన కాకినాడ కాజా కొరికితే పాకం గౌను మీద కారింది. ఆవిడ దాన్ని తుడుచుకోకుండా ఇంకోటి తీసుకున్నారు. భోజనాలయ్యాక బియాట్రిజ్ నన్ను వంటింట్లోకి పిలిచి, "అమ్మ పొద్దున్నే లేచి సాధన చేసింది. నేనింకా నిద్రలోనే ఉన్నాను. కలేమో అనుకున్నాను" అంది. వెంటనే గిన్నెలు కడగడం మొదలుపెట్టింది. నేను తుడిచి పెట్టాను.

వచ్చేటప్పుడు జుసారా గారు గుమ్మం దాకా వచ్చారు. వచ్చే నెల మళ్లీ వాయిస్తారట. నాకు కాకినాడ నుంచి రావడం కష్టం కాబట్టి, గీతల మీది స్వరాలు చదవడం ప్రభావతికి నేర్పుతారట. "ఆవిడ నీ అంత మంచిది కాదు, కానీ దగ్గర" అన్నారు. నాకు కొంచెం అసూయ కలిగిన మాట నిజం.

సోమవారం పొద్దున చర్లపల్లిలో తిరుగు బండి ఎక్కాను. వాన వెలిసింది. ఖమ్మం దాటేదాకా కిటికీ పక్కన ఊరికే కూర్చున్నాను, ఫోన్ తీయలేదు, పాట పెట్టుకోలేదు. గొప్ప కళాకారిణిని చూద్దామనుకుని వెళ్లాను. అంతకంటే అరుదైనది చూశానేమో అనిపించింది. ఒక మనిషి చాలా భయపడి, ఆ భయం పోకుండానే, కూర్చున్న చోటు నుంచి లేవకుండా పని పూర్తిచేయడం. అది నాకు చేతి దూరంలో జరిగింది.

సికింద్రాబాద్ వైపు వెళ్లేవాళ్లు వీలుంటే మెట్టుగూడ హాలుకు వెళ్లండి. టికెట్ లేదు. కాస్త ముందుగా చేరి, ఎడమ పక్క వరసలో కూర్చోండి. అక్కడి నుంచైతే ఆవిడ చేతులు కనిపిస్తాయి.